కాల్చాక అంచు ఎవరు చూడాలి?

మా మావయ్య ఫిజిక్సు లెక్చరరుగా రిటైరయ్యాక సైన్సు వ్యాసాలు రాయడం మొదలుపెట్టాడు. మా అక్క వసుధ పాథాలజిస్టు. ఆపరేషన్ థియేటర్ నుంచి ఫార్మలిన్ డబ్బాల్లో వచ్చే ముక్కల్ని కోసి మైక్రోస్కోపు కింద చూస్తుంది. అది క్యాన్సరో కాదో, క్యాన్సరైతే మొత్తం బయటికి వచ్చిందో లేదో చెప్పడం ఆవిడ పని. లేజరు వేడితో క్యాన్సర్ కణితుల్ని చంపే చికిత్స గురించి మావయ్య ఒక వ్యాసం రాసి, అచ్చుకు పంపేముందు అక్క చేతికిచ్చాడు. అక్క ఎర్ర పెన్ను తీసింది. తరవాత నడిచిన వాదన ఇది. మధ్యమధ్య నా మాటలు కొన్ని దూరతాయి. వాటి పాపం నాదే.

వసుధ: మావయ్యా, మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయాను. "కత్తి లేదు, నెత్తురు లేదు, కుట్టు లేదు, లేజరు తాకగానే కణితి ఆవిరైపోతుంది" అన్నావు. ఆవిరైతే కొంప మునుగుతుంది.

మావయ్య: ఊపు కోసం రాశానే. చదివేవాడు రెండో వాక్యానికి రావద్దూ?

వసుధ: ఊపు కోసం వంద డిగ్రీలు దాటించేశావు. మెదడు లోపల నీళ్ళు మరిగి ఆవిరి బుడగ లేస్తే ఏమవుతుందో నీకు నేను చెప్పాలా?

మావయ్య: సరే, కొట్టేయ్. దాని బదులు ఇది రాసుకో. కణితి చావడానికి వంద అక్కర్లేదు, లెక్క 43 దగ్గర మొదలవుతుంది. 43 డిగ్రీల దగ్గర గంటసేపు ఉంచితే కణానికి ఎంత దెబ్బ తగులుతుందో, 44 దగ్గర అరగంటకే అంత తగులుతుంది. 45 దగ్గర పావుగంట చాలు. ఒక్కో డిగ్రీ పెరిగినప్పుడల్లా కాలం సగానికి పడిపోతుంది. సపరెటో, డ్యూయీ అని ఇద్దరు 1984లో కట్టిన లెక్క ఇది. 60 దాటాక కాలంతో పెద్ద పనే లేదు. ఉడికిన గుడ్డులో తెల్లసొన బిగుసుకున్నట్టు కణంలోని ప్రోటీన్లు బిగుసుకుపోతాయి. వంద మాత్రం దాటనివ్వకూడదు. దాటితే ఆవిరి, ఆ పైన బొగ్గు. లేజరు కాంతిని లోపలికి మోసుకెళ్ళే ఫైబరు కొనమీద బొగ్గు పేరుకుందంటే కాంతి ముందుకు పోదు, ఉన్నచోటే మండుతుంది. అందుకని ఫైబరు చుట్టూ చల్లబరిచే తొడుగు పెట్టారు. ఒక కంపెనీ అందులో సెలైను తిప్పుతుంది, ఇంకో కంపెనీ కార్బన్ డయాక్సైడు వదులుతుంది.

వసుధ: ఇంత మంచి సంగతిని మూడో పేజీలో ఎందుకు దాచావు?

మావయ్య: కాల్చడానికి పెట్టిన దాన్ని చల్లబరచడమేమిటని పాఠకుడు నవ్వుతాడేమోనని.

వసుధ: నవ్వనీ. నవ్వితే గుర్తుంటుంది. ఇక రెండో గీత. "శరీరంలో ఎంత లోతుకైనా లేజరు చేరుతుంది" అన్నావు. ఫైబరు చేరుతుంది, కాంతి చేరదు.

మావయ్య: అవును, అది పొరపాటు వాక్యమే. కాంతికి ఒంట్లో దారి చాలా ఇరుకు. కంటికి కనిపించే రంగుల్లో ఎక్కువ భాగాన్ని నెత్తుటిలో హిమోగ్లోబిన్ మింగేస్తుంది. దూరపు పరారుణ కాంతిని నీళ్ళు మింగేస్తాయి. ఈ రెంటి నడుమ, ఎరుపు దాటిన వెంటనే, కొంచెం సందు ఉంది. కంటికి వాడే 810 నానోమీటర్లు, మెదడుకు వాడే 980, 1064 అన్నీ ఆ చుట్టుపక్కలవే. అక్కడ కూడా కాంతి చొరబడేది కొన్ని మిల్లీమీటర్లే. ఆ పైన వేడి దానంతటది పాకాలి.

వసుధ: పాకుతూ పాకుతూ పక్కన రక్తనాళం తగిలితే, ఆ నెత్తురు వేడిని ఎత్తుకుపోతుంది. నాళాన్ని అంటుకుని ఉన్న కణం బతికిపోతుంది. నీ వ్యాసంలో వేడి అన్ని వైపులా గుండ్రంగా, బుద్ధిగా పాకుతోంది.

మావయ్య: బొమ్మ వేయడానికి గుండ్రం సుఖం.

వసుధ: ఇంకోటి. వేడితో గడ్డను చంపడం లేజరుకే చెల్లినట్టు రాశావు. కాలేయంలో చిన్న గడ్డ ఉంటే మన ఆసుపత్రుల్లో మామూలుగా వాడేది రేడియో ఫ్రీక్వెన్సీ సూది, లేదా మైక్రోవేవ్ సూది. అవీ వేడితోనే చంపుతాయి.

మావయ్య: ఫ్రాంక్‌ఫర్ట్‌లో థామస్ వోగల్ అనే రేడియాలజిస్టు కాలేయానికి కూడా లేజరే వాడాడు, వందల మందికి. అయినా నువ్వన్నది నిజం, అక్కడ మైక్రోవేవ్‌దే పైచేయి. మెదడు దగ్గరికి వచ్చేసరికి లేజరు గెలిచింది. ఎందుకంటావు? ఫైబరు గాజుది. అయస్కాంతం దాన్ని పట్టించుకోదు. రోగిని ఎమ్మారై గొట్టంలో పడుకోబెట్టి, లోపల వేడి ఎక్కడిదాకా పాకిందో కళ్ళారా చూస్తూ కాల్చవచ్చు. పుర్రెకు మూడు నాలుగు మిల్లీమీటర్ల రంధ్రం చాలు. లండన్‌లో స్టీఫెన్ బౌన్ 1983లో కణితి లోపలికే ఫైబరు దించి వేడి చేయవచ్చని రాసినప్పుడు ఇలా చూసే సాధనం లేదు. అది సమకూరాకనే ఈ చికిత్స నిలదొక్కుకుంది.

వసుధ: కళ్ళారా చూడటం అన్నావు చూడు, నా అసలు తగువు అక్కడే. సర్జన్ రొమ్ములోంచి గడ్డ తీశాడనుకో. ఏది పైవైపో, ఏది పక్కవైపో దారం ముళ్ళతో గుర్తుపెట్టి నాకు పంపుతాడు. నేను ఆ ముక్క చుట్టూ ఇంకు పూస్తాను. కోసి, మైనంలో బిగించి, జుట్టుకన్నా పల్చటి పొరలు తీసి చూస్తాను. ఇంకు అంటిన చోట క్యాన్సర్ కణం కనిపించిందా, రోగి ఒంట్లో ఆ పక్కన ఇంకా మిగిలిందన్నమాట. సర్జన్ మళ్ళీ కోయాలి. నాకు జీతం ఇచ్చేది ఆ ఒక్క మాట కోసం. మీరు కాల్చేశాక నాకు డబ్బాలో ఏం పంపుతారు?

మావయ్య: కాల్చేముందు అదే రంధ్రంలోంచి బయాప్సీ తీస్తారుగా.

వసుధ: అది క్యాన్సరని చెబుతుంది. మొత్తం చచ్చిందని చెప్పదు. చచ్చిన గడ్డ లోపలే ఉంటుంది, ఒళ్ళు దాన్ని నెలల తరబడి మెల్లగా కరిగించుకుంటుంది. ఈలోగా స్కానులో అంచు ఉంగరంలా మెరుస్తుంది. మానుతున్న గాయమూ అలాగే మెరుస్తుంది, తిరిగి వస్తున్న క్యాన్సరూ అలాగే మెరుస్తుంది. మూడు నెలలకోసారి స్కాను, ప్రతిసారీ అదే సందేహం.

(ఇక్కడ నాదొక మాట. కోసి తీసిన గడ్డను రోగి బంధువులు డబ్బాలో ఒక్కసారి చూపించమని అడగడం ఎవరైనా గమనించే ఉంటారు. చూస్తే వాళ్ళకొక తృప్తి. లేజరు చికిత్సలో ఆ తృప్తి దొరకదు. డాక్టరు మాట నమ్మాలి, అంతే. అక్క శాస్త్రం పేరుతో అడుగుతున్నదీ ఇంచుమించు అదేనని నాకనిపించింది, పైకి అనలేదు.)

మావయ్య: గుడ్డిగా కాల్చడం లేదే తల్లీ. నీళ్ళలోని హైడ్రోజన్ కేంద్రకాలు వేడి తగిలితే తమ పౌనఃపున్యాన్ని కాస్త మార్చుకుంటాయి. ఎంతో తెలుసా? డిగ్రీకి పది కోట్లలో ఒక వంతు. అంత చిన్న తేడాను ఎమ్మారై పట్టుకుని లోపలి ఉష్ణోగ్రతను కొన్ని సెకన్లకోసారి తెరమీద గీస్తుంది. ఒక యంత్రంలో పసుపు గీత, నీలం గీత, తెల్ల గీత కనిపిస్తాయి. పసుపు గీత దాకా 43 డిగ్రీల దగ్గర రెండు నిమిషాలకు సమానమైన దెబ్బ తగిలింది. నీలం గీత దాకా పది నిమిషాల దెబ్బ. తెల్ల గీత లోపల గంట దెబ్బ. సర్జన్ చేసేదల్లా నీలం గీతను కణితి అంచు దాకా నడిపించడం. నీ ఇంకు ఆపరేషను అయ్యాక చెబుతుంది. నా గీత కాలుతుండగానే చెబుతుంది.

వసుధ: నీ గీత లెక్కకట్టి గీసింది. నా ఇంకు కిందిది కణం. 2018లో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ డాక్టర్లకు ఒక లేఖ రాసింది, చదివావా? ఈ ఎమ్మారై ఉష్ణోగ్రత కొలతలు తప్పు చూపే ప్రమాదం ఉందని, దానివల్ల కాల్చకూడనిది కాలవచ్చని. బొమ్మ తీయడానికి కొన్ని సెకన్లు పడుతుంది, ఆ సెకన్లలో వేడి ఆగదు. లేజరు కట్టేసిన తరవాత కూడా కాసేపు పాకుతుంది. మెదడులో ఒక్క మిల్లీమీటరు పాకితే మాటో, చెయ్యో పోతుంది.

మావయ్య: చదివాను. దాన్ని వ్యాసంలో పెట్టకపోవడం నా తప్పే, పెడతాను. కానీ ఒకటడుగుతా. సర్జన్ కత్తికి థర్మామీటరు కూడా లేదు కదా. అతని చేతికి తగిలేదే కొలత.

వసుధ: అతనికి నేనున్నాను.

మావయ్య: మెదడులో నువ్వున్నావా? గ్లయోబ్లాస్టోమా అనే మెదడు క్యాన్సర్‌లో చుట్టూ ఇంకు పూసి "అంచు శుభ్రం" అని ఎప్పుడైనా రాశావా?

వసుధ: లేదు. ఆ రోగానికి అంచే లేదు. స్కానులో మెరిసే గడ్డకు సెంటీమీటర్ల దూరంలో కూడా విడికణాలు తిరుగుతుంటాయి. బాల్టిమోర్‌లో వాల్టర్ డాండీ అనే సర్జన్ 1920ల్లో రోగుల మెదడులో కుడి సగం మొత్తం తీసేశాడు. అప్పటికే వాళ్ళకు ఎడమ పక్క పక్షవాతం వచ్చేసింది, పోయేదేమీ లేదని. సగం మెదడు తీసినా రోగం తిరిగొచ్చింది.

మావయ్య: అదే నేననేది! సగం మెదడు తీసినా దొరకని అంచును లేజరు చూపలేదని తప్పుపడతావేం? కత్తి చూపిందా?

అక్క ఒక్క క్షణం ఆగింది. మావయ్య గెలుపు అక్కడే అనుకున్నాను. తొందరపడ్డాను.

వసుధ: ఒప్పుకున్నాను. ఆ రోగంలో అంచు ఎవరికీ దక్కదు. అప్పుడు ప్రశ్న మారుతుంది. రోగి ఎన్నాళ్ళు బతికాడు, ఎలా బతికాడు? దానికి లెక్క ఏదీ? ఆపరేషను తరవాత రేడియేషన్‌కు టెమొజొలొమైడ్ మాత్ర కలిపితే లాభం ఉందని 2005లో ఎలా తేలింది? చీటీలు వేసినట్టు రోగుల్ని రెండు జట్లు చేశారు, ఒక జట్టుకు ఇచ్చారు, ఒక జట్టుకు ఇవ్వలేదు. మధ్యస్థ ఆయుష్షు 12.1 నెలల నుంచి 14.6 నెలలకు పెరిగింది. రెండున్నర నెలలు. అంత కచ్చితంగా లెక్క తేలింది కాబట్టే ప్రపంచమంతా ఆ పద్ధతికి మారింది. మెదడు గడ్డకు లేజరు మేలా, కత్తి మేలా అన్న ప్రశ్నకు అంత పెద్ద పరీక్ష చూపించు. ఉన్నవి ఎక్కువగా ఆసుపత్రుల నమోదు పట్టికలు. వాటిలో చేరేది చిన్న గడ్డ ఉన్నవాడు, లేచి తిరిగేవాడు. వాడు నాలుగు నెలలు ఎక్కువ బతికితే ఘనత లేజరుదా, వాడిదా?

మావయ్య: సర్జన్ చెయ్యి పోని చోట ఉన్న గడ్డ సంగతేమిటి? థాలమస్ లోపల, మెదడు నడిమధ్యన. అక్కడికి కత్తి వెళ్ళాలంటే దారిలో ఉన్నదంతా చెడగొట్టుకుంటూ వెళ్ళాలి. వాడికి నువ్వు చీటీ వేయమంటావా? వాడి ముందున్న రెండో దారి ఏమిటి, బయాప్సీ చేసి ఇంటికి పంపడమేగా. పద్నాలుగు నెలల ఆయుష్షున్న మనిషికి పుర్రె తెరిచే ఆపరేషను తరవాత కోలుకోవడానికి పోయే వారాలు చిన్నవా? లేజరైతే చాలామంది ఒకటి రెండు రోజుల్లో ఇంటికి వెళ్తారు. రేడియేషన్ ఇచ్చాక ఆ చోటే కుళ్ళి వాచిపోయి, స్టెరాయిడ్లు ఆపలేక అవస్థపడే రోగులకు కూడా ఇది పనికొస్తోంది.

వసుధ: వాపు లేజరుతోనూ వస్తుంది. మూడు సెంటీమీటర్లు దాటిన గడ్డను కాల్చి లోపలే వదిలేస్తే, పుర్రెలో జాగా ఎక్కడుంది? కోసి తీస్తే జాగా ఏర్పడుతుంది. కాలిస్తే వాపు తోడవుతుంది.

మావయ్య: అందుకే చిన్న గడ్డకే అని రాస్తాను. ఇంకో సంగతి కూడా రాస్తాను, దానికి నువ్వు ఎర్ర పెన్ను పెట్టలేవు. మెదడు రక్తనాళాలకు ఒక కాపలా ఉంది, చాలా మందుల్ని లోపలికి రానివ్వదు. లేజరు కాల్చిన చుట్టూ ఆ కాపలా కొన్ని వారాలపాటు సడలుతుందని సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయం వాళ్ళు 2016లో చూపించారు. మామూలుగా మెదడులోకి పోని మందును ఆ వారాల్లో పంపవచ్చు. నువ్వు చెప్పిన ఆ విడికణాలకు మందు అందే దారి అది.

వసుధ: దారి తెరుచుకుందని చూపించారు. మందు అందినందువల్ల మనిషి ఎక్కువ కాలం బతికాడని చూపించాలి ఇంకా. "ఆశ ఉంది" అని రాయి. "దారి దొరికింది" అని రాయకు.

మావయ్య పెన్ను తీసుకుని తనే దిద్దుకున్నాడు. అక్కడితో మెదడు అయింది. అసలు పోరు కంటి దగ్గర మొదలైంది. నా ఉద్దేశంలో వ్యాసానికి ప్రాణం అదే, మావయ్య చివరి పేజీలో పదిహేను వాక్యాల్లో తేల్చేశాడు.

మావయ్య: నీ అంచు సిద్ధాంతం పనిచేయని చోటు ఒకటుంది. అదీ మన హైదరాబాదులోనే, ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి లాంటి చోట్ల రోజూ చూసే రోగం. రెటీనోబ్లాస్టోమా. చంటిపిల్లల కంటి తెరమీద పుట్టే క్యాన్సర్. ఆ కంట్లో ఎవరైనా బయాప్సీ సూది పెడతారా?

వసుధ: పెట్టరు. సూది వెంట కణాలు కంటి బయటికి వచ్చేస్తాయి. అప్పటిదాకా కంటికే పరిమితమైన రోగం ప్రాణం మీదికి వస్తుంది.

మావయ్య: మరి నీ రిపోర్టు లేకుండా, ఒక్క ముక్క కూడా నీ దాకా రాకుండా చికిత్స మొదలవుతుంది. పూర్తవుతుంది కూడా. ముందు విన్‌క్రిస్టీన్, ఎటొపొసైడ్, కార్బోప్లాటిన్ ఇచ్చి గడ్డను కుదిస్తారు. పిల్లకు మత్తిచ్చి, కంటిపాప గుండా 810 నానోమీటర్ల లేజరును ఆ గడ్డమీద నిలుపుతారు. 45 నుంచి 60 డిగ్రీలు. ఇందాకటి లెక్కే. గడ్డ లేత బూడిదరంగుకు తిరిగేదాకా ఉంచుతారు. మూడు నాలుగు వారాలకు మళ్ళీ. కార్బోప్లాటిన్ ఒంట్లో ఉండగా వేడి తగిలితే రెండూ కలిసి ఎక్కువ దెబ్బ తీస్తాయి. ఫిలడెల్ఫియా విల్స్ కంటి ఆసుపత్రిలో కెరొల్ షీల్డ్స్ బృందం 188 గడ్డలకు ఇలా చేస్తే 161 అణిగాయి. 1999లో ప్రకటించారు.

వసుధ: ఎంత గడ్డలు?

మావయ్య: చిన్నవి. మూడు మిల్లీమీటర్ల అడ్డుకొలత ఉన్నవాటికి బాగా పనిచేస్తుంది. పెద్దవైతే లేజరు ఎక్కువసేపు పెట్టాలి, కంటి లోపలి ఇతర భాగాలు కాలతాయి. దీనికి ముందు ఏం చేసేవారో గుర్తుందిగా. బయటినుంచి రేడియేషన్. కన్ను దక్కేది. కానీ పుట్టుకతోనే జన్యువులో లోపం ఉన్న పిల్లలకు, ఆ రేడియేషన్ తగిలిన ఎముకలో ఏళ్ళ తరవాత ఇంకో క్యాన్సర్ లేచే ప్రమాదం ఉండేది. కీమో, లేజరు, అతిశీతల చికిత్స వచ్చాక ఆ రేడియేషన్ వాడకం పడిపోయింది. వేడి తన దెబ్బ తీసి ఊరుకుంటుంది, జన్యువుల్ని చెడగొట్టి పోదు. ఇది చిన్న లాభమా?

వసుధ: చిన్నది కాదు. దీన్ని నేను ఎర్రగా గీయలేదు, చూసుకో. కానీ నా రిపోర్టు అక్కర్లేకపోవడానికి కారణం వేరే ఉంది, అది నువ్వు రాయలేదు. ఒంట్లో కోయకుండా క్యాన్సర్‌ను నేరుగా చూడగలిగే చోటు కంటి తెర. డాక్టరు తల మీద దీపం పెట్టుకుని, చేతిలో భూతద్దం పట్టుకుని గడ్డ అంచును చూస్తూ కాలుస్తుంది. నాలుగు వారాలకు మళ్ళీ మత్తిచ్చి మళ్ళీ అదే అంచు చూస్తుంది. నేను మైక్రోస్కోపుతో చేసే పని ఆవిడ కంటితో చేస్తోంది. అంచు చూసేవాళ్ళు లేకపోలేదు, నా బదులు ఆవిడ చూస్తోంది.

మావయ్య: ఇది నాకు తట్టలేదు.

వసుధ: కంటి డాక్టర్లు లేజరు కన్నా ముందే కాంతితో కాల్చడం నేర్చుకున్నది కూడా అందుకే.

మావయ్య: ఆ కథ నాకు వదిలెయ్. 1945 జూలైలో సూర్యగ్రహణం పట్టింది. దాన్ని ఉత్తి కళ్ళతో చూసి చూపు మధ్యలో మచ్చ తెచ్చుకున్నవాళ్ళ కంటి తెరల్ని జర్మనీలో మేయర్ ష్వికెరాత్ అనే కుర్ర డాక్టరు పరిశీలించాడు. సూర్యుడు తెరను కాల్చి అతికించాడే, మనం కావాలని కాలిస్తే ఏం అని ఆలోచించాడు. ముందు అద్దాలతో ఎండనే కంట్లోకి మళ్ళించి చూశాడు. మబ్బు పడితే చికిత్స ఆగిపోయేది. తరవాత జీనాన్ దీపం వచ్చింది, దాంతోనే కంటి కణితుల్ని కూడా కాల్చాడు. 1960లో కాలిఫోర్నియాలో మైమన్ మొదటి లేజరు వెలిగించేనాటికి కంటి డాక్టర్లు కాంతిచికిత్సకు అలవాటుపడి ఉన్నారు.

వసుధ: ఈ కథ వ్యాసం మొదట్లో పెట్టు. సరే, కంటి దగ్గరే ఉందాం. అదే కన్ను, అదే 810 లేజరు, అదే డిగ్రీలు. పెద్దవాళ్ళ కంట్లో తెర వెనక పొరలో పుట్టే మెలనోమాకు 1995లో నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో ఈ వేడిచికిత్స మొదలుపెట్టారు. రేడియేషన్ లేకుండా నల్లగడ్డ అణిగిపోతోందని అందరూ సంబరపడ్డారు. నువ్వు చెప్పిన ఫిలడెల్ఫియా వాళ్ళే 391 మందిని ఏళ్ళ తరబడి గమనించి 2015లో లెక్క చెప్పారు. ఐదేళ్ళకు 29 శాతం మందిలో, పదేళ్ళకు 42 శాతం మందిలో గడ్డ తిరిగి వచ్చింది.

మావయ్య: ఆ అంకె నేను చూడలేదు.

వసుధ: ఎందుకు వచ్చింది? మెలనోమా కణాలు తెల్లగుడ్డు పొరలోకి దూరి దాక్కుంటాయి. పైనుంచి చూస్తే గడ్డ చచ్చి చదునుగా మచ్చలా కనిపిస్తుంది. వేడి నాలుగు మిల్లీమీటర్ల కన్నా లోతుకు పోదు, వెనకున్న కణం వెనకే బతికి ఉంటుంది. భూతద్దానికి కనిపించేది ముందువైపు అంచు, రోగం ఉన్నది వెనకవైపు అంచులో. మొదటి ఏడాది ఫొటోలు చూస్తే ఎవరైనా గెలిచామనే అనుకుంటారు. అందుకని ఒంటరిగా లేజరు వాడటం చాలామటుకు మానేశారు. ఇప్పుడు ఆ రోగానికి తెల్లగుడ్డు వెనకవైపు రేడియోధార్మిక ఫలకం కుట్టి కొన్ని రోజులు ఉంచుతారు, కావాలంటే ముందునుంచి లేజరు తోడిస్తారు. రుథీనియం-106 ఫలకాలను మన భాభా అణు పరిశోధన కేంద్రమే తయారుచేస్తోంది.

మావయ్య: అంటే ఒకే కిరణం పిల్లల క్యాన్సర్ దగ్గర గెలిచి, పెద్దల క్యాన్సర్ దగ్గర ఓడింది.

వసుధ: కిరణానిదేం లేదు. రోగం ఎక్కడ ఆగిందో తెలిసినచోట గెలిచింది, తెలియనిచోట ఓడింది. నీ వ్యాసమంతా కిరణం గొప్పతనం గురించి ఉంది మావయ్యా. కణితి గురించి ఒక్క పేరా లేదు.

కాసేపు ఇద్దరూ మాట్లాడలేదు. నేను కాఫీ కలిపి తెచ్చేసరికి మావయ్య కాగితాలు తిరగేసి బంగారం దగ్గరికి వచ్చి ఉన్నాడు. వ్యాసంలో ఆయనకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం అది.

మావయ్య: దీన్ని మాత్రం కొట్టేయకు. హ్యూస్టన్ రైస్ విశ్వవిద్యాలయంలో నవోమి హాలస్, జెనిఫర్ వెస్ట్ 2003లో చూపించారు. సూక్ష్మమైన ఇసుక గోళం, దానిమీద బంగారు పూత. పూత మందాన్ని సర్దుకుంటే ఏ రంగు కాంతిని మింగాలో మనమే నిర్ణయించవచ్చు. ఒంటిని దాటిపోయే కాంతినే మింగేలా చేశారు. నెత్తురులోకి ఎక్కిస్తే కణితి దగ్గర లీకయ్యే నాళాల్లోంచి జారి అక్కడ పోగవుతాయి. పైనుంచి లేజరు వేస్తే బంగారం ఉన్నచోటే వేడెక్కుతుంది. ఇక అంచును బంగారమే గీస్తుంది. ప్రోస్టేట్ క్యాన్సర్ ఉన్న 16 మందితో ప్రయత్నించి 2019లో ఫలితం ప్రకటించారు, 15 మందికి చికిత్స పూర్తయింది. తరవాత బయాప్సీలు కూడా తీసి చూశారు, నీ డబ్బా నీకు పంపారు.

వసుధ: డబ్బా పంపారు కాబట్టే దీన్ని గౌరవిస్తాను. పదహారు మంది ఆరంభం, అంతే. బంగారం అంచు గీస్తుందన్న మాట మాత్రం తీసెయ్. టొరంటోలో వారెన్ చాన్ బృందం పదేళ్ళ ప్రయోగాలన్నీ కూడగట్టి 2016లో లెక్కవేసింది. ఎలుకలకు ఎక్కించిన నానో రేణువుల్లో కణితిని చేరేది మధ్యస్థంగా 0.7 శాతం. మిగతాదంతా ఎక్కువగా కాలేయం, ప్లీహం మింగేస్తాయి.

మావయ్య: ఒంట్లో బంగారం మిగలకుండా కరిగిపోయే రేణువుల మీదే కదా మన ఐఐటీ హైదరాబాదులో అరవింద్ కుమార్ రేంగన్ పనిచేస్తున్నది. కొవ్వు బుడగమీద బంగారు పూత. పని అయ్యాక చిన్న ముక్కలై మూత్రపిండాల గుండా పోయేలా. 2015లో ఎలుకల్లో చూపించారు.

వసుధ: "ఎలుకల్లో" అన్న మాట నీ వ్యాసంలో లేదు. అది పెడితే నాకు అభ్యంతరం లేదు.

మావయ్య: ఎంత గీస్తావే! వేడితో రోగాన్ని చంపడం మనకు కొత్తా? సుశ్రుతుడు అగ్నికర్మకు ఒక అధ్యాయమే కేటాయించాడు.

వసుధ: పచ్చకామెర్లు వచ్చిన పిల్లలకు చేతిమీద వాత పెట్టేవాళ్ళూ అదే అంటారు. వాత మచ్చ మిగులుతుంది. కామెర్లు వాటంతటవి తగ్గితే పేరు వాతకు వస్తుంది, తగ్గకపోతే పిల్లను ఆలస్యంగా ఆసుపత్రికి తెస్తారు. నాకు లేజరుమీద కోపం లేదు మావయ్యా. "లేజరుతో క్యాన్సర్ మాయం, ఆపరేషన్ అక్కర్లేదు" అని నువ్వు రాస్తే, కోస్తే పూర్తిగా నయమయ్యే రొమ్ము గడ్డ ఉన్న మనిషి కత్తికి భయపడి ఆ కాగితం పట్టుకుని ఊరూరా తిరుగుతుంది. ఆర్నెల్ల తరవాత ఆవిడ ముక్క నా బల్లమీదికి వస్తుంది. అప్పుడు అన్ని వైపులా ఇంకు కింద క్యాన్సరే ఉంటుంది.

మావయ్య: నువ్వు రాసిన తీరులో రాస్తే, థాలమస్‌లో గడ్డ ఉన్న మనిషి ఇంకో దారి ఉందని తెలియకుండానే పోతాడు. భయం రెండు వైపులా ఉంది.

వసుధ: సరే, ఇద్దరికీ పనికొచ్చేలా రాయి. ఏ రోగానికి, ఎంత గడ్డకు, అంచు ఎవరు చూస్తారు, తిరిగొస్తే తరవాత ఏం చేస్తారు. డాక్టరును ఈ నాలుగూ అడగమని రాయి.

మావయ్య: ఖర్చు?

వసుధ: అది ఐదోది. ఎమ్మారై గది, ఒక్కసారి వాడి పారేసే ఫైబరు, గంటల తరబడి మత్తు. ఆరోగ్యశ్రీ కింద వస్తుందా అన్నది ఆసుపత్రిలో ముందే తేల్చుకోవాలి.

మావయ్య ఒప్పుకున్నాడు, పూర్తిగా కాదు. మెదడు దగ్గర అక్క మరీ పట్టుదలకు పోయిందని ఇప్పటికీ అంటాడు. నా తీర్పు అడిగితే, మెదడులో మావయ్యది సగం గెలుపు, కంట్లో అక్కది పూర్తి గెలుపు.

చదివేవారికి నావైపు నుంచి ఒక మనవి. ఐదేళ్ళలోపు పిల్లల ఫొటోలో ఒక కంటిపాప ఎర్రగా, రెండోది తెల్లగా మెరిసినా, ఉన్నట్టుండి మెల్లకన్ను వచ్చినా ఆ వారంలోనే కంటి డాక్టరుకు చూపించండి. చుక్కలు వేసి లోపలిదాకా చూడమని అడగండి. అది క్యాన్సరే కానక్కర్లేదు, శుక్లమూ కావచ్చు, ఫ్లాష్ పడిన కోణమూ కావచ్చు. రెటీనోబ్లాస్టోమా పుట్టే పిల్లల్లో పదిహేను, ఇరవై వేలకు ఒకరికి వస్తుంది. మూడు మిల్లీమీటర్ల దగ్గర దొరికితే లేజరుతో కన్ను దక్కుతుంది. కన్నంతా నిండాక దొరికితే చాలాసార్లు ఆ కన్నే తీసేయాలి.